కాగితాల పెట్టె: చంద్రుడి ఫైళ్ల మీద మీ ఉత్తరాలు

మా అమ్మాయి వాళ్లుండేది మేరీల్యాండ్‌లోని లారెల్‌లో. మొన్న వేసవికి అక్కడికి వెళ్లినప్పుడు, దగ్గర్లో కాలేజ్ పార్క్ అనే ఊళ్లో ఉన్న అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌కి రోజూ పోయి కూర్చునేదాన్ని. నాసా ప్రచార విభాగం వాళ్లవీ, చరిత్ర విభాగం వాళ్లవీ పాత ఫైళ్లు చూశానని పోయిన సంచికలో రెండు పేరాలు రాశాను. ముప్పై నాలుగేళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని, అలవాటు పోలేదు, అంతే. ఆ రెండు పేరాలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయాలంటే పత్రిక మొత్తం నాకే ఇవ్వాలి. ఏరిన కొన్ని ఇవి.

అమ్మా, రాకెట్లు కట్టిన ఇంజనీర్ల కాగితాలు దాచారంటే అర్థముంది. పేపర్లకి ప్రకటనలు రాసి పంచినవాళ్ల కాగితాలు దాచడం దేనికి? పెళ్లయ్యాక శుభలేఖలు దాచుకున్నట్టు లేదూ?
– ఒక పాఠకుడు, తెనాలి

శుభలేఖల్ని తక్కువ చెయ్యకండి బాబూ. మా పెద్దత్తగారి ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతే, బీరువా అడుగున దొరికిన శుభలేఖే ఆవిడ పెళ్లి తేదీకి సాక్ష్యం చెప్పింది.

నాసాకి ప్రచారం షోకు కాదు, చట్టం నెత్తిన పెట్టిన పని. 1958 జులై 29న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన అంతరిక్ష చట్టంలోనే ఉంది ఆ మాట: ఈ సంస్థ తాను చేసే పనుల గురించీ వాటి ఫలితాల గురించీ వీలైనంత విస్తారంగా, తగిన తీరులో లోకానికి తెలపాలి. అక్టోబరు 1న సంస్థ పని మొదలైంది. మరుసటేడు, ఇంకా మనిషన్నవాణ్ణి ఒక్కణ్ణీ పైకి పంపకముందే, యూజీన్ ఎమ్ అనే చరిత్రకారుణ్ణి జీతమిచ్చి కూర్చోబెట్టారు. ఆయన 1978 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. బిడ్డ పుట్టకముందే జాతకం రాసేవాణ్ణి పెట్టుకున్నట్టుందని నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన ఆ రోజు నుంచీ కాగితాలు పోగుచెయ్యబట్టే ఇవాళ మనం మాట్లాడుకుంటున్నాం.

ఇక మీ అసలు సందేహం. పేపర్లకిచ్చిన ప్రకటన ఇస్త్రీ చేసిన చొక్కా లాంటిది. ఫైల్లో ఉండేది ఇస్త్రీకి ముందు సంగతి. చిత్తుప్రతి, అందులో కొట్టేసిన మాట, అంచున ఎవరో పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్నార్థకం, చూసినవాళ్లంతా వరసగా పెట్టిన పొడి సంతకాలు. ఒక మాట ఎందుకు మారిందో, ఎవరు మార్చారో అక్కడ తెలుస్తుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. అపోలో రోజుల్లో ప్రచార విభాగానికి పెద్ద జూలియన్ షీర్. పూర్వాశ్రమంలో పేపరు రిపోర్టరు. 1969 మార్చిలో ఆయన, అపోలో పెద్దల్లో ఒకడైన జార్జ్ లో అనే ఆయనకి ఒక ఉత్తరం రాశాడు. చంద్రుడి మీద కాలు పెట్టేవాడు ఏం మాట్లాడితే బాగుంటుందోనని బయటివాళ్ల సలహా అడుగుతున్నారని షీర్ చెవిన పడింది. ఉత్తరం సారాంశం ఇది: మనం మాటలు అందించకూడదు, ఆ మనిషికి ఆ క్షణాన లోపల ఏమనిపిస్తుందో అదే అననివ్వాలి. ప్రచారం చెయ్యడమే ఉద్యోగమైనవాడు ప్రచారానికి మాటలు అల్లొద్దని పైవాళ్లతో వాదిస్తున్నాడు! ఈ ముక్క ఏ పత్రికా ప్రకటనలోనైనా వస్తుందా? రాదు. అందుకే ఫైళ్లు దాచాలి.

మేడమ్, నేను వచ్చే ఆగస్టులో ఎమ్మెస్‌కి వర్జీనియా వెళ్తున్నాను. ఆ ఆర్కైవ్స్‌లోకి మనలాంటి వాళ్లని రానిస్తారా? ప్రొఫెసర్ ఉత్తరం కావాలా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

ఎవరి ఉత్తరమూ అక్కర్లేదమ్మా. పాస్‌పోర్టు చూపించు, ఫొటో తీసి చదువరి కార్డు చేతిలో పెడతారు. డబ్బు తీసుకోరు. ఈ దేశంవాళ్లా ఆ దేశంవాళ్లా అని కూడా అడగరు. మొదటిరోజు నాకు ఆ సంగతే నమ్మబుద్ధి కాలేదు. మన దగ్గర ఒక పాత గెజిట్ చూడటానికి నేనెన్ని అర్జీలు పెట్టానో నాకు తెలుసు.

లోపల మాత్రం మడి కట్టుకోవాలి. సంచీ, పెన్ను, నీళ్ల సీసా, సొంత నోటుబుక్కు అన్నీ లాకర్లోనే. పెన్సిలూ కాగితమూ వాళ్లే ఇస్తారు. ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ వెయ్యకూడదు. కాగితాలున్న గది రెండో అంతస్తులో, సినిమా రీళ్లూ ధ్వని టేపులూ నాలుగులో, ఫొటోలు అయిదులో. ఏ పెట్టె కావాలో చీటీ రాసిస్తే బండి మీద బూడిదరంగు అట్టపెట్టెలు తెస్తారు. బల్ల మీద ఒకసారికి ఒక్క పెట్టె, ఆ పెట్టెలోంచి ఒక్క ఫోల్డరు, అంతే. తీసినచోట గుర్తుకి అట్టముక్క పెట్టాలి. నేను రెండు ఫోల్డర్లు తీశానని ఒక కుర్రాడు వచ్చి ఎంత మర్యాదగా చెప్పాడంటే, సిగ్గుతో చచ్చిపోయాను. ఇదే తప్పుకి నా సర్వీసులో ఎంతమందిని కసిరి ఉంటానో!

రెండు సంగతులు గుర్తుపెట్టుకో. చీటీలో 'రికార్డ్ గ్రూప్ 255' అని ఉండాలి, అది నాసా ఇంటిపేరు. రెండోది, అన్నీ కాలేజ్ పార్క్‌లో ఉండవు. అక్కడ ఉండేది ముఖ్యంగా ప్రధాన కార్యాలయం సరుకు. హ్యూస్టన్ కేంద్రం కాగితాలు టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ శాఖకి, హంట్స్‌విల్‌లో రాకెట్లు చేసిన మార్షల్ కేంద్రంవి అట్లాంటా శాఖకి పోయాయి. ఇది తెలియక వచ్చి ఒక రోజంతా పోగొట్టుకున్నవాణ్ణి నా పక్క బల్లమీదే చూశాను. ఇవికాక వాషింగ్టన్‌లో నాసా ప్రధాన కార్యాలయంలోనే చరిత్ర విభాగం తన సొంత సేకరణ ఒకటి పెట్టుకుంది. వ్యక్తుల ఫైళ్లు, ఉపన్యాసాలు, పేపరు కత్తిరింపులు దాన్లో ఉంటాయి. అది చూడాలంటే ముందుగా రాసి అడగాలి.

శాలువా తీసుకెళ్లు. ఆ గదిలో చలి కాగితాలకి మంచిది, మోకాళ్లకి కాదు.

చంద్రుడి మీద మనిషి కాలుపెట్టింది 1969 జులై 20 అని పిల్లల పుస్తకంలో ఉంది. మా నాన్నగారు 21 అని, తాను పొద్దున పళ్లు తోముకుంటూ రేడియోలో విన్నానని పట్టుబడుతున్నారు. ఆయనకి 84. ఎవరిది నిజం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

మీ నాన్నగారిదీ నిజమే, పుస్తకానిదీ నిజమే. ఈ లెక్క ప్రచార విభాగం కాగితాల్లోనే తేలుతుంది.

హ్యూస్టన్‌లో ప్రచారం వాళ్లు కంట్రోల్ రూములో ఒక మూల కూర్చుని రాత్రీ పగలూ వ్యాఖ్యానం చెప్పేవారు. వ్యోమగాముల మాటలూ తమ మాటలూ కలిపి ఎప్పటికప్పుడు టైపు కొట్టి విలేకరులకి పంచేవారు. ప్రతి పేజీ నెత్తిన తేదీ, హ్యూస్టన్ గడియారం, దాని పక్కనే రాకెట్ లేచిన క్షణం నుంచి గడిచిన కాలం ఉంటాయి. ఇది కాక ఇంజనీర్ల కోసం చేసిన ఇంకో ప్రతి ఉంది. అందులో గడిచిన కాలాన్ని నాలుగు జతల అంకెల్లో వేశారు: రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు. మనుషులకి పేర్లుండవు. సీడీఆర్ అంటే ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్ఎంపీ అంటే ఆల్డ్రిన్, సీఎంపీ అంటే పైన తిరుగుతున్న కాలిన్స్, సీసీ అంటే నేలమీంచి మాట్లాడేవాడు.

రాకెట్ లేచింది జులై 16న, మన టైము రాత్రి 7 గంటల 2 నిమిషాలకి. కాలు పెట్టింది గడియారం 109 గంటల 24 నిమిషాలు తిరిగాక. కూడి చూడండి. అమెరికా తూర్పు తీరంలో 20వ తేదీ ఆదివారం రాత్రి 10 గంటల 56 నిమిషాలు. మనకి 21వ తేదీ సోమవారం ఉదయం 8 గంటల 26 నిమిషాలు. వాహనం నేల తాకింది మాత్రం మనకి తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలకి. నాన్నగారు కాస్త ఆలస్యంగా లేచే మనిషై ఉండాలి. నా నమస్కారాలు చెప్పండి.

ఆల్డ్రిన్ ఫొటోనే ఎక్కడ చూసినా. మొదట దిగిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటో ఒక్కటీ కనబడదేం?
– ఒక పాఠకుడు, కరీంనగర్

పెళ్లి ఆల్బంలో ఫొటోగ్రాఫరు ఉంటాడా? కెమెరా చాలాసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే ఉంది.

మీరు చెప్పే ఆ ప్రఖ్యాతమైన ఫొటో నెంబరు ఏఎస్11-40-5903. అపోలో 11, నలభయ్యో ఫిల్ము డబ్బా, 5903వ ఫ్రేము అని చదువుకోవాలి. మన లైబ్రరీలో పుస్తకం వీపు మీద నెంబరు లాంటిదే, చదవడం వస్తే సగం పరిశోధన అయిపోయినట్టే. అందులో ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలోకి తొంగిచూడండి, తెల్లగా చిన్నగా నిలబడ్డ మనిషే మీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఇంకొకటి ఉంది, అదే డబ్బాలో 5886. ఆల్డ్రిన్ చుట్టూ తిరుగుతూ పరిసరాలు తీస్తున్నప్పుడు, వాహనం పక్కన పనిచేసుకుంటూ వీపు ఇటు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ పడ్డాడు. చాలా ఏళ్లపాటు దాని సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

5903 దగ్గర ఇంకో తమాషా ఉంది. అసలు ఫ్రేములో కెమెరా కాస్త వంగింది. ఆల్డ్రిన్ తలపైన ఆకాశం దాదాపు లేదు, వీపుమీది ఏరియల్ కొన తెగిపోయింది. పత్రికలకి ఇచ్చినప్పుడు ఫొటోని నిటారుగా తిప్పి, పైన నల్లటి ఆకాశం ఇంకాస్త అతికించారు. లోకమంతా గోడలకి తగిలించుకున్నది ఆ అతికినదాన్నే. మోసమంటారా? నేననను. మా ఊరి స్టూడియో ఆయన మా తాతగారి ఫొటోలో కుర్చీ చెయ్యి గీసి ఇచ్చాడు, దాంతో తాతగారు అబద్ధమైపోలేదు. కానీ అసలు ఫ్రేము దాచి ఉండబట్టే అతుకు అతుకని చెప్పగలుగుతున్నాం.

అసలు వెళ్లనేలేదనీ, అంతా స్టూడియోలో తీశారనీ వాట్సాప్‌లో…
– పేరు రాయలేదు

382 కిలోల రాళ్లూ మట్టీ తెచ్చారు. దేశదేశాల వాళ్లూ వాటిని పరీక్షించారు, ఇప్పటికీ పరీక్షిస్తున్నారు. తర్వాతి ఉత్తరం.

ప్రభుత్వ ప్రచార శాఖ అంటేనే గొప్పలు చెప్పుకునే శాఖ. ఆ కాగితాల్ని చరిత్ర అని ఎలా నమ్ముతాం మేడమ్?
– ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, అనంతపురం

నమ్మొద్దు మాస్టారూ. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి.

1967 జనవరి 27న నేలమీద పరీక్ష చేస్తుండగా అపోలో నౌకలో మనుషులు కూర్చునే గదిలో మంట రేగి గ్రిసమ్, వైట్, చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ఆ ఫిబ్రవరిలో సెనేట్ విచారణలో వాల్టర్ మోండేల్ అనే సభ్యుడు ఒక ప్రశ్న వేశాడు: గదిని తయారుచేసిన కంపెనీ పనితీరు బాగాలేదని మీవాళ్లే ఏడాది కిందట నివేదిక రాశారటగా, అదేది? నాసా పెద్ద జేమ్స్ వెబ్ దగ్గర ఆ క్షణాన సరైన జవాబు లేదు. ఆ కాగితం ఉంది. 1965 డిసెంబరు 19న నాసాలో అపోలో పనికి పెద్ద అయిన శామ్యూల్ ఫిలిప్స్ ఆ కంపెనీకి రాసిన ఘాటైన ఉత్తరం, దానికి జతచేసిన నోట్సు. అంతదాకా వచ్చిన ప్రకటనల్లో దాని ఊసు లేదు.

కాబట్టి 1966 నాటి ప్రకటనలు మాత్రమే చదివితే మీకు దొరికేది సంబరం. ఫిలిప్స్ ఉత్తరం పక్కన పెట్టుకుని అవే ప్రకటనలు చదివితే ఏ వాక్యం ఎక్కడ జారుకుందో కనబడుతుంది. ప్రమాదం తర్వాత నాసా తనమీద తానే వేసుకున్న విచారణ సంఘం నివేదికని ఆ ఏప్రిల్‌లోనే బయటపెట్టింది, తీగలు ఎక్కడ ఒరుసుకుపోయాయో ఫొటోలతో సహా. దాచిందీ ఆ ఆఫీసే, పరిచిందీ ఆ ఆఫీసే. గొప్పలు చెప్పుకునే కాగితం కూడా సాక్ష్యమే మాస్టారూ. ఏ రోజున ఏం గొప్పగా చెప్పుకోవాలనుకున్నారో దానికి సాక్ష్యం.

చంద్రుడి మీద దిగిన అసలు వీడియో టేపుల్ని నాసా పోగొట్టుకుందని చదివాను. అంత పెద్ద సంస్థ అంత పనికిమాలినదా? కాగితాలు దాచడం వచ్చినవాళ్లకి టేపులు దాచడం రాలేదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్ (ఇదే ప్రశ్న మరో పదకొండుమంది అడిగారు)

ఇది నా మనసులో నలుగుతున్న విషయం. కాస్త ఓపిక పట్టండి.

చంద్రుడి మీది కెమెరా మామూలు టీవీ కెమెరా కాదు. సెకనుకి పది బొమ్మలు, బొమ్మకి 320 గీతలు. అమెరికా టీవీకి కావలసింది సెకనుకి ముప్పై, 525 గీతలు. అందుకని నేలమీది కేంద్రాల్లో, అంటే కాలిఫోర్నియాలో గోల్డ్‌స్టోన్, ఆస్ట్రేలియాలో హనీసకుల్ క్రీక్ (పార్క్స్ కేంద్రానికి అందినదాన్ని సిడ్నీలో), వచ్చిన బొమ్మని ఒక తెరమీద వేసి దానికెదురుగా మామూలు టీవీ కెమెరా పెట్టి మార్చారు. మార్చేటప్పుడే బొమ్మ మసకబారింది. లోకం చూసింది ఆ మసక బొమ్మనే. మార్చకముందు వచ్చిన సంకేతాన్ని అంగుళం వెడల్పు టేపుల మీద, వాహనం పంపిన మిగతా కొలతలతో కలిపి, అవసరమైతే పనికొస్తుందని రికార్డు చేశారు. అవే మీరు చదివిన టేపులు.

అవి మేరీల్యాండ్‌లోని గొడ్డార్డ్ కేంద్రానికి, అక్కడినుంచి సూట్‌లాండ్‌లో ప్రభుత్వ రికార్డుల గోదాముకి చేరాయి. తర్వాతి ఏళ్లలో గొడ్డార్డ్ వాళ్లు పెట్టెలు వెనక్కి తెప్పించుకున్నారు. అప్పుడు టేపులకి కటకట. ఉపగ్రహాలు పంపే సమాచారం పట్టడానికి కొత్త టేపులు చాలక పాతవి చెరిపి మళ్లీ వాడేవారు. ఆ వేల టేపులతోపాటు ఇవీ పోయాయి. 2009లో నాసా ఇచ్చిన నివేదికలో ఈ సంగతి ఒప్పుకుంది. గొడ్డార్డ్ మా అమ్మాయి ఇంటి నుంచి కార్లో పావుగంట. అటువైపు వెళ్లిన ప్రతిసారీ నా కడుపులో ఏదో మెలిపెట్టినట్టుంటుంది.

ఇందులో దుర్మార్గం లేదు, పనికిమాలినతనం కూడా అంతగా లేదు. ఆ టేపు చెరిపినవాడి దృష్టిలో అది పని అయిపోయిన సరుకు. బొమ్మ లోకమంతా చూసేసింది, టీవీవాళ్ల దగ్గర ఉంది, ఇంకా దీనితో పనేముంది? మనం పాత క్యాసెట్ మీద మళ్లీ పాటలు రికార్డు చేసుకోలేదూ? మా తమ్ముడు మా అమ్మ పాడిన మంగళహారతి మీద క్రికెట్ కామెంటరీ ఎక్కించాడు. ఇప్పటికీ వాడి మీద నాకు కోపమే.

ఇప్పుడు దీని పక్కన ప్రచార విభాగం సరుకు పెట్టి చూడండి. అపోలో 11కి ముందు విలేకరులకి ఇచ్చిన సమాచార పుస్తకం ఉంది, 69-83కె అని దాని నెంబరు, జులై 6వ తేదీ వేసి ఉంది, 250 పేజీల కట్ట. ప్రయోగానికి 3 వేల పైచిలుకు విలేకరులొచ్చారు. ఆ పుస్తకం ఎన్ని ఇళ్ల అటకల మీదికి ఎక్కిందో ఊహించుకోండి. తగలబెడదామన్నా ఇవాళ అది నశించదు. ఒక్క ప్రతి ఉన్న టేపు పోయింది, పంచిపెట్టిన పుస్తకం మిగిలింది. 2009లో దిగిన దృశ్యాన్ని బాగుచేయించాలనుకున్నప్పుడు కూడా నాసాకి ఎక్కువగా ఆధారమైనవి బయటికి పోయిన నకళ్లే: సీబీఎస్ టీవీ వాళ్ల దగ్గర మిగిలిన టేపు, ఇంకా హనీసకుల్ క్రీక్‌లో తెరకెదురుగా చిన్న సినిమా కెమెరా పెట్టి ఒకాయన తీసుకున్న రీలు. బ్రౌన్ దొర పండితుల్ని జీతానికి పెట్టుకుని తాటాకు ప్రతులకి నకళ్లు రాయించాడని మనం చదువుకున్నాం కదా. ఆ దొరకి తెలిసిన కిటుకు రాకెట్లు ఎగరేసినవాళ్లకి గుర్తురాలేదు.

మిగిలిన కథ కూడా ఒకటి చెప్పి ముగిస్తాను, లేకపోతే మీకు రాత్రి నిద్ర పట్టదు. 1966, 67ల్లో చంద్రుడి చుట్టూ తిరిగి ఫొటోలు తీసిన అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకల టేపుల్ని నాన్సీ ఎవాన్స్ అనే ఆవిడ పారెయ్యనివ్వలేదు. టేపులున్నా వాటిని నడిపే యంత్రాలు లేకపోతే లాభమేముంది? ఫ్రిజ్ అంత ఉండే ఆంపెక్స్ యంత్రాల్ని ప్రభుత్వం వదిలించుకుంటుంటే ఆవిడే తెచ్చి ఏళ్లకేళ్లు తన ఇంటి దగ్గర పెట్టుకుంది. ఆ ఇంట్లో వాళ్లు ఏమన్నారో! చివరికి డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ అనే ఇద్దరు ముందుకొచ్చి, కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ కేంద్రం ఆవరణలో మూతపడ్డ మెక్‌డొనాల్డ్స్ హోటల్లో ఆ యంత్రాల్ని బాగుచేశారు. 2008 నవంబరులో మొదటి బొమ్మ వచ్చింది: 1966 ఆగస్టులో చంద్రుడి అంచుమీంచి కనబడిన భూమి. అప్పట్లో పేపర్లలో పడిన బొమ్మ దీనిముందు బొగ్గుతో గీసినట్టుంటుంది. హాంబర్గర్లు కాల్చినచోట చంద్రుణ్ణి కడిగారు!

మేడమ్, 1975లో మహబూబ్‌నగర్ జిల్లా మా ఊరికి టీవీ వచ్చింది. మేడమీద కోళ్లగూటి జాలీతో చేసిన పెద్ద గొడుగు. అది అమెరికా ఉపగ్రహం అనేవారు. దాని కాగితాలు కూడా అక్కడ ఉంటాయా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. అది సైట్ అనే ప్రయోగం. 1969 సెప్టెంబరులో మన అణుశక్తి శాఖకీ నాసాకీ ఒప్పందం కుదిరింది. విక్రం సారాభాయ్ కాలం అది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనవైపు జరిపి, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి చూపించారు. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. మీరు చెప్పిన జాలీ గొడుగు పది అడుగులది. మా గుంటూరు వైపు ఆ భాగ్యం లేదు, మేము పేపర్లో చదివి అసూయపడ్డాం.

ఉపగ్రహం సంగతులు గొడ్డార్డ్ చూసింది కాబట్టి అటువైపు కాగితాలు నాసా రికార్డ్ గ్రూప్ 255లోనే వెతకాలి. మన వైపువి అహ్మదాబాద్‌లో ఇస్రో వాళ్ల నివేదికల్లో. కానీ మాస్టారూ, ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకని సరుకు మీ దగ్గరుంది. టీవీ గది తాళంచెవి ఎవరి దగ్గరుండేది? ముందు వరసలో ఎవరు కూర్చునేవారు, ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవారు? గొడుగు గాలికి పడిపోతే ఎవరు ఎత్తారు? సంవత్సరం తిరగ్గానే బొమ్మ ఆగిపోయిన రోజు ఊరు ఏమనుకుంది? నాలుగు పేజీలు రాయండి. రాసి మూడు ప్రతులు తియ్యండి. ఒకటి నాకు పంపండి.

పిల్లల పుస్తకంలో నాసా ఫొటోలు వేసుకోవాలంటే డబ్బు కట్టాలా?
– ఒక ప్రచురణకర్త, విజయవాడ

సాధారణంగా అక్కర్లేదు. అమెరికా కేంద్రప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో చేసినదానికి వాళ్ల చట్టం కాపీరైట్ ఇవ్వదు. కాకపోతే నాసా ముద్రని మీ ముద్రలా వాడుకోకూడదు, వ్యోమగామి మీ నోటుబుక్కులు మెచ్చుకున్నట్టు ప్రకటన వెయ్యకూడదు. ఫొటో కింద నాసా పేరూ, ఆ ఏఎస్ నెంబరూ తప్పకుండా వెయ్యండి. నెంబరు వెయ్యని పుస్తకాన్ని నేను కొనను.

అమ్మగారూ, మా నాన్న శ్రీహరికోటలో మొదటి రోజుల నుంచీ పనిచేసి రిటైరయ్యారు, పోయినేడు కాలం చేశారు. ఒక ట్రంకుపెట్టె నిండా పాత పత్రికా ప్రకటనలు, గ్రూపు ఫొటోలు, పేపరు కత్తిరింపులు ఉన్నాయి. చెద మొదలైంది. అమ్మ తగలబెట్టేద్దాం అంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, నాయుడుపేట

నాయనా, ముందు పెట్టెని నేలమీంచి లేపు. రెండు ఇటుకలు చాలు. చెద పట్టినవి వేరే సంచీలో కట్టు, మిగతావాటిని నీడన ఆరబెట్టు. ఎండలో పెట్టకు.

తర్వాత చెయ్యకూడనివి. లామినేషన్ చేయించకు, అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. సెల్లోటేపు వెయ్యకు. తుప్పుపట్టిన గుండుసూదులు మెల్లగా తీసి, ఆ కాగితాలు కలిసి ఉన్నాయని గుర్తుకి ఒకే కవర్లో పెట్టు. అన్నిటికంటే ముఖ్యం, సర్దుతున్నానంటూ నాన్న పెట్టిన వరస చెడగొట్టకు. ఆ వరసలో ఆయన మనసుంది. ఆఫీసు ముద్ర ఉండి లోపలి వ్యవహారం అనిపించిన కాగితం కనబడితే ఎవరికీ చూపించకుండా ఆఫీసువాళ్లకే తిరిగివ్వు. బయటికి పంచిన ప్రకటనలు, ఫొటోలు, కత్తిరింపులు మాత్రం మీవే. అక్కడ మొదటి రోజులంటే, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ లేచిన నాటివి. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడ్డప్పటి కత్తిరింపులు ఉంటే, 1980 జులై 18న అదే రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టినప్పటివి ఉంటే, పక్కపక్కనే పెట్టి ఒక్కసారి చదువు. అప్పుడు అమ్మకి కూడా వినిపించు.

నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చెయ్యకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా లైబ్రరీలో అపోలో వార్తల పేపర్లు కట్టలుగా పడి ఉండేవి. నేను ఉత్సాహంగా కూర్చుని వార్తలు కత్తెరతో చక్కగా కత్తిరించి నాలుగు లావుపాటి పుస్తకాల్లో అంటించాను. అంచులు సమంగా రావాలని పేపరు పేరూ తేదీ ఉండే పైభాగం కోసి పారేశాను. మా లైబ్రేరియన్ గారు ఆ పుస్తకాలు తిరగేసి, ఒక్క మాటా అనకుండా నా బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి. ఏ వార్త ఏ పేపర్లో ఏ రోజు వచ్చిందో చెప్పగలిగేవాళ్లు లేరు.

ఆ గ్రూపు ఫొటోలు తీసుకుని అమ్మ దగ్గర కూర్చో. ఒక్కొక్క మొహం చూపించి పేరు అడుగు. మెత్తటి పెన్సిల్‌తో, వెనకవైపు, అంచు దగ్గర, నొక్కకుండా రాయి. అమ్మకి తెలియని మొహాలకి నాన్నతోపాటు చేసినవాళ్లెవరైనా సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో ఉంటారు, ఈ ఆదివారమే వెళ్లు. పెన్ను మాత్రం వద్దు.